మళ్ళీ మొదటి మంచం నుంచి

"గట్టిగా ఊపిరి పీల్చు. వదులు. మళ్ళీ పీల్చు. వదులు."

కండక్టరు పీల్చాడు, వదిలాడు. పెద్ద వీపు అతనిది. ఉద్యోగమంతా కుదుపుల్లో నిలబడి చేసినవాడు కాబట్టి నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. డాక్టరమ్మ స్టెతస్కోపు బిళ్ళని ఆ వీపుకి ఆనించి, భుజం దగ్గర మొదలుపెట్టి మెట్లు దిగినట్టు కిందికి దిగి, రెండో వైపు మళ్ళీ పైకెక్కి, చంక కింద కూడా ఒకసారి ఆనించి, తల పంకించింది.

"బాగానే ఉంది. రేపు చూద్దాం," అంది.

పెద్ద సిస్టరు కాగితం అందించింది. డాక్టరమ్మ రాసింది. ఒకప్పుడు ఆమె చేతిరాత చూసి మందుల షాపువాళ్ళు మెచ్చుకునేవారు. ఇప్పుడు మొదటి అక్షరం తర్వాత మిగిలిందంతా ఒక గీతే.

"డాక్టరమ్మా, ఒక్క మాట. కోప్పడనంటే చెప్తా."

"చెప్పు."

"టిక్కెట్టు కొట్టకుండానే రైట్ రైట్ అనేశారేంటమ్మా?"

ఆమెకి అర్థం కాలేదు. కండక్టరు తన చూపుడువేళ్ళు రెండూ తన చెవుల్లో పెట్టుకుని చూపించి, తర్వాత ఆమె మెడ వైపు చూపించాడు. డాక్టరమ్మ చేత్తో తడుముకుంది. స్టెతస్కోపు చెవి కొమ్ములు మెడకి చెరోవైపు పట్టుకుని, పొద్దున ఎక్కడ తగిలించుకుందో అక్కడే ఉన్నాయి. అవి చెవుల్లోకి రానే లేదు.

పక్క మంచం మీది గడ్డపాయన కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు మంచం నుంచి మంచానికి పాకి, గోడ దాకా వెళ్ళి, దగ్గుగా మారి తిరిగొచ్చింది.

డాక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటా నవ్వు? ఇదేమన్నా సినిమా హాలనుకున్నారా? జ్వరాలు తగ్గిపోయాయా అందరికీ? తగ్గితే మూటలు సర్దుకోండి, మంచాల్లేక బయట జనం నేల మీద పడున్నారు!"

వార్డు గప్‌చిప్. కండక్టరు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "ఏదో సరదాకన్నానమ్మా," అని చిన్నబోయాడు.

ఆమె కొమ్ములు చెవుల్లో పెట్టుకుని అతని వీపుని మళ్ళీ తనవైపు తిప్పుకుంది. కుడివైపు కింద, ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు చప్పుడు. నిన్న కూడా ఇలాగే ఉందా? ఎక్కువైందా, తగ్గిందా? నిన్నటి చప్పుడు గుర్తు చేసుకోబోయింది. ఏమీ గుర్తు రాలేదు. నిన్న అనే రోజే నున్నగా, గచ్చులా ఉంది.

అప్పుడు భయం వేసింది. ఆడవాళ్ళ వైపు అందరినీ చూసేసి, చెక్క అడ్డం దాటి ఇటు వచ్చింది. మరి చెవుల్లో పెట్టుకోకుండా చూడడం ఏ మంచం దగ్గర మొదలైంది?

*

డ్యూటీ గది ఒక గదా అంటే గదే. కారే కుళాయి, స్ప్రింగు బయటికొచ్చిన సోఫా, గోడకి ఒక మేకు. పెద్ద సిస్టరు తలుపు దగ్గరికి వేసి, అడగకముందే చెప్పింది.

"నేను చూశాను మేడం. ఆడవాళ్ళ వైపు కూడా పెట్టుకోలేదు. నిన్న కూడా అంతే."

"నిన్న కూడానా? మరి నోరు కుట్టేసుకున్నావా? చెప్పొద్దూ!"

"మొన్న ఇంజెక్షన్ సరిగ్గా రాయలేదని చెప్తే ట్రే విసిరేశారు కదా మేడం. ఆ సొట్ట ట్రే ఇంకా అలాగే ఉంది, చూపించమంటారా?"

డాక్టరమ్మ సోఫా అంచున కూర్చుంది. ట్రే విసిరిన సంగతి గుర్తుంది. విసిరినప్పుడు చేతికి హాయిగా అనిపించిన సంగతి కూడా గుర్తుంది. సిస్టరు ఆమెకంటే పెద్దది. ఎంతమంది డాక్టర్లు వచ్చి పోయారో చూసింది. ఆవిడ మీద ట్రే విసరడమా! ఇంట్లో అయితే తను నోరెత్తదు. మొగుడు అప్పుడప్పుడు అంటుంటాడు: "ఇంటికొచ్చేది నీ చెప్పులేనే, నువ్వు రావట్లేదు." ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, మాట కూడా తూచి వేస్తాడు. అలా అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. అర్థం చేసుకోవాల్సిన మనిషే అర్థం చేసుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి అనుకునేది.

మేకు వైపు చూసింది. పొడుగు డాక్టరు తన స్టెతస్కోపు ఆ మేకుకే తగిలించి వెళ్ళాడు.

ఈ వార్డుకి అప్పట్లో ఇద్దరు డాక్టర్లు. ఆయనా, ఈమే. ఆయన తలుపుల కింద వంగి నడిచేవాడు, మంచాల మీదికి కొంగలా వంగేవాడు. చివరి రోజుల్లో ఒక్కో రోగి దగ్గర కళ్ళు మూసుకుని చాలాసేపు వినేవాడు. "ఏంటి, పాటలొస్తున్నాయా?" అని ఈమె వేళాకోళం చేసింది. "ఏమీ వినబడట్లేదు," అన్నాడు. జోకనుకుని నవ్వింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, "టీ తాగొస్తా," అని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఊళ్ళోనే ఉన్నాడు, మొక్కలు పెంచుకుంటున్నాడని ఎవరో చెప్పారు. ఆయన వాటా మంచాలు ఈమెకొచ్చాయి. కొత్త డాక్టరు వస్తాడు, వస్తాడు అన్నారు. ఎదురు చూసీ చూసీ అడగడం మానేసింది. పొడుగు డాక్టరు ఫోన్ చేసినప్పుడల్లా కట్ చేసింది. పారిపోయినవాడితో మాటలేంటి? తన స్టెతస్కోపు పాడైన రోజున మాత్రం మేకు మీదిది తీసి మెళ్ళో వేసుకుంది. దాని గొట్టం చిట్లితే ప్లాస్టరు చుట్టింది.

"నిన్న ఎవరినైనా ఇంటికి పంపించానా?"

"లేదు మేడం, నిన్న ఎవరూ వెళ్ళలేదు."

"అయితే పద. మళ్ళీ మొదటి మంచం నుంచి."

"పన్నెండింటికి మీటింగు హాల్లో ఏదో ఉందంట మేడం, పెద్దసారు అందరూ రావాలన్నారు..."

"పెద్దసారుని తీసుకెళ్ళి ఆ మేకుకి తగిలించు."

*

ఆడవాళ్ళ వైపు మొదటి మంచం అవ్వది. ఆవిడకి గుండె నీరసం, నోటికి మాత్రం ఏ నీరసమూ లేదు.

"అవ్వా, పొద్దున నేను సరిగ్గా వినలేదు. మళ్ళీ వింటాను."

"వినమ్మా, తీరిగ్గా విను. మా కోడలెలాగూ వినదు."

డాక్టరమ్మ విన్నది. తడబడుతూనే అయినా నడుస్తున్న గుండె. తర్వాతి మంచం. ఆ తర్వాతిది. ప్రతి మనిషి దగ్గరా అదే మాట చెప్పింది: పొద్దున వినలేదు, మళ్ళీ వింటాను. చెప్పినప్పుడల్లా మొహం కాలినట్టుంది. కొందరు అలాగేనన్నారు, కొందరు విచిత్రంగా చూశారు. ఒకావిడ కూతురు మాత్రం, "వినకుండానే మందులు రాశారా? ఇదేం ఆసుపత్రండీ!" అని నిలదీసింది. "అవును," అంది డాక్టరమ్మ. ఇంకో రోజైతే ఎదురు అరిచేది.

వింటూ వింటూ ఉండగా, సంబంధం లేకుండా కూతురి మొహం కళ్ళ ముందుకొచ్చింది. పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి పిల్ల ఏదో చెప్పింది. పెదాలు కదిలినట్టు గుర్తుంది. తను కప్పు కడుగుతూ ఏదో జవాబు కూడా ఇచ్చింది. ఏం చెప్పింది? తను ఏమంది? ఎంత తవ్వినా మాటలు దొరకలేదు, పెదాలే కదులుతున్నాయి.

మూల మంచం దగ్గరికొచ్చి ఆగిపోయింది. దుప్పటి తీసేసి ఉంది. పరుపు చుట్టి తలవైపు నిలబెట్టారు.

"ఇస్త్రీ ఆవిడ ఏది?"

సిస్టరు మొహం పాలిపోయింది. "మీరే పంపించేశారు కదా మేడం. ఛాతీ బాగుంది, ఇంటికెళ్ళొచ్చన్నారు. కాగితం మీద సంతకం కూడా చేశారు."

ఇస్త్రీ ఆవిడ నిమోనియాతో వచ్చింది. జ్వరం తగ్గింది, మనిషి తేరుకుంది. కానీ నిన్న సాయంత్రం ఒళ్ళు కాస్త వెచ్చబడిందని సిస్టరు రాసిపెట్టింది. ఆ రాత డాక్టరమ్మ కళ్ళ ముందే ఉండి ఉంటుంది. చూసింది కూడా. చూసి, బాగానే ఉంది అంది.

పరుగు లాంటి నడకతో బయటపడింది. లిఫ్టు ఎప్పటిలాగే పై అంతస్తులో తలుపులు తెరుచుకుని మొరాయిస్తోంది. మెట్లు దిగింది. కింద మీటింగు హాలు దాటుతుంటే గుమ్మంలోనే పెద్దసారు, సూపరింటెండెంటు, దొరికిపోయాడు. దొరికింది ఆయన కాదు, ఈమె.

"రా రా, నీకోసమే చూస్తున్నా. సంతకం పెట్టి రెండు నిమిషాలు కూర్చో. మీ కోసమేనమ్మా ఇదంతా, మీ మనశ్శాంతి కోసం!"

హాల్లో డాక్టర్లందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. సగం మంది నిజంగానే నిద్రపోతున్నారు. వేదిక మీద బుగ్గకి మైకు అంటించుకున్న ఒక నవ్వుల మనిషి తేనె గొంతుతో చెబుతున్నాడు: "మీలో ఉన్న అలసటనంతా, కోపాన్నంతా మీ చేతిలోని బంతిలోకి పంపించెయ్యండి... నవ్వండి... ఇంకొంచెం నవ్వండి..."

సూపరింటెండెంటు ఆమె చేతిలో ఒక పసుపుపచ్చ రబ్బరు బంతి పెట్టాడు. దాని మీద కళ్ళు, నోరు గీసి ఉన్నాయి. నోరు చెవుల దాకా నవ్వుతోంది.

"సార్, ఇంకో డాక్టరుని ఇమ్మని ఎన్నిసార్లు అడిగాను?"

"ఇస్తారమ్మా, పైన ఫైలు కదులుతోంది."

"బంతుల ఫైలు మాత్రం చకచకా కదిలింది!"

ఆయన జవాబు వినకుండా బంతిని కోటు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయింది. వెనక నుంచి, "సంతకం! సంతకం పెట్టి వెళ్ళమ్మా!" అని వినబడుతూనే ఉంది.

గేటు దగ్గర లేదు. బస్సుల దగ్గర లేదు. ఆటోలవాళ్ళని అడిగింది. మెడలో స్టెతస్కోపుతో, కాళ్ళకి వార్డు రబ్బరు చెప్పులతో రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్న డాక్టరుని చూసి జనం దారి ఇచ్చారు. ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తోంది. ఆ పేరూ ఊరూ లేని జనంలో ఒక సన్నటి వీపు కోసం వెతుకుతూ, ఈ పాటికి ఇంటికి చేరి, బొగ్గులు రాజేసి ఇస్త్రీ పెట్టె ఎత్తుతూ ఉంటుందేమో అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మందుల కిటికీ.

ఆ కిటికీ ముందు క్యూ ఎప్పుడూ పాములా మలుపు తిరిగి ఉంటుంది. ఒక్క మనిషి, ఒక్క కిటికీ, మధ్యలో భోజనానికి మూసేస్తారు. రోగుల్ని ఇంతసేపు నిలబెడతారా అని ఆ కిటికీ మనిషితో ఎన్నిసార్లు కొట్లాడిందో లెక్కలేదు. ఇవాళ పరుగెత్తుకుంటూ వెళ్తూ, దేవుడా, ఆ మనిషి ఇంకా నిదానంగా పనిచేస్తూ ఉండాలి అని మొక్కుకుంది.

ఉంది. స్తంభం పక్కన నేల మీద కూర్చుని ఉంది ఇస్త్రీ ఆవిడ. తల గోడకి ఆన్చి, నోటితో ఊపిరి తీసుకుంటోంది. తోడికోడలు మూట చంకన పెట్టుకుని క్యూలో నిలబడి, ముందు దూరబోయిన ఒకాయన్ని దులిపేస్తోంది.

డాక్టరమ్మ ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. "ముందుకు వంగమ్మా. ఊపిరి పీల్చు."

కొమ్ములు చెవుల్లోకి నొక్కుకుంది. ఎడమ చెవిది వదులు, వేలితో పట్టుకోవాలి. ఎడమవైపు ఊపిరి గాలిలాగే వెళ్ళి వస్తోంది. కుడివైపు పైన ఫరవాలేదు. కింద... బిళ్ళ జరిపింది. ఇంకాస్త కింద. గోడకి చెవి ఆనించి విన్నట్టుంది. ఏమీ లేదు. వేలి మీద వేలితో తట్టి చూసింది. నీళ్ళు నిండిన కుండ మీద తట్టినట్టు మొద్దుగా మోగింది.

"ఏమైందండీ? పొద్దున బాగుందన్నారు కదా?" తోడికోడలు క్యూ వదిలి వచ్చేసింది.

"బాగుందన్నాను. వినకుండా అన్నాను. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. వెంటనే తీసెయ్యాలి."

"వినకుండా ఎలా అంటారండీ? ఇంటికెళ్ళాక మా అక్కకేమన్నా అయితే ఎవరిదండీ పూచీ? పొద్దున్నుంచీ ఆయాసం అంటూనే ఉంది. డాక్టరమ్మే చెప్పింది కదా, నడు నడు అని తోలుకొచ్చాను. నా చేత పాపం చేయించారు కదండీ!"

"ఊరుకోవే," అంది ఇస్త్రీ ఆవిడ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ. తర్వాత డాక్టరమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరు చెవుల్లో పెట్టుకోలేదని నాకు అప్పుడే కనబడింది."

"మరి చెప్పలేదేం తల్లీ?"

"భయమేసింది. మీరప్పటికే ఎవరినో తిడుతున్నారు. మీకు తెలీదా, పెద్ద డాక్టర్లు ఉత్తినే చెయ్యి పెట్టినా తెలిసిపోతుందేమో అనుకున్నా."

ట్రే విసిరిందని సిస్టరు మాట్లాడలేదు. తిడుతుందని రోగి మాట్లాడలేదు. కండక్టరు ఒక్కడు జోకుగా చెప్పబట్టి సరిపోయింది, అతని మీదా విరుచుకుపడింది. ఇంత నిశ్శబ్దాన్ని తన చుట్టూ తనే గోడలా కట్టుకుని, అందులో నిలబడి, నా మాట ఎవరూ వినరు అని ఏళ్ళ తరబడి కుళ్ళిపోయింది.

స్ట్రెచర్ దొరకలేదు. పాదాలు పెట్టుకునే పలక ఊడిపోయిన చక్రాల కుర్చీ దొరికింది. ఇస్త్రీ ఆవిడ కాళ్ళు నేలకి రాసుకోకుండా తోడికోడలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దారంతా డాక్టరమ్మని తిడుతూనే నడిచింది. డాక్టరమ్మ తిట్లన్నీ వింటూ కుర్చీ తోసింది.

*

నీరు తీసే పని ఆమెకి కొట్టిన పిండి. కానీ చేతులు చాచి చూసుకుంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇవాళ ఈ చేతులకి సూది ఇవ్వకూడదు అనుకుంది. మీటింగు హాల్లోంచి బట్టతల డాక్టరుని పిలిపించింది. ఊపిరితిత్తుల జబ్బులు చూసేది ఆయనే.

ఇస్త్రీ ఆవిడ దిండుని కావలించుకుని ముందుకు వంగింది. పట్టుకోవడానికి ఏమన్నా కావాలంది. డాక్టరమ్మ జేబులో పసుపు బంతి తగిలింది. ఆవిడ దాన్ని ఎంత గట్టిగా నొక్కిందంటే నవ్వే నోరు కాస్తా ఏడుపు మొహంలా నలిగిపోయింది. మజ్జిగలా చిక్కటి నీరు గొట్టంలోంచి సీసాలోకి దిగింది. దిగినకొద్దీ ఆవిడ భుజాలు కిందికి వాలాయి.

"ఇంకో రోజు ఇంట్లో ఉండి ఉంటే..." అని బట్టతల డాక్టరు ఆపేశాడు. చేతులు కడుక్కుంటూ, "క్యూలో కూర్చున్న మనిషిని పట్టుకున్నావంటే నీ చెవులు చెవులమ్మా!" అని భుజం తట్టాడు.

డాక్టరమ్మ భుజం వెనక్కి లాక్కుంది. మెచ్చుకోలు భరించలేకపోవడం ఆమెకి కొత్త కాదు. అక్క పోయినప్పుడు కూడా ఇంతే.

అమ్మ లేని ఇంట్లో తనని పెంచి, తన చదువు కోసం సొంత చదువు మానేసిన అక్క. ఇదే ఆసుపత్రిలో పై అంతస్తులో ఉంది. డాక్టరమ్మ కింద వార్డు ముగించుకుని, పైకి వెళ్ళి, అక్క చెయ్యి పట్టుకుని, "బాగానే ఉంది, రేపు చూద్దాం," అనేసి మళ్ళీ కిందికి వచ్చింది. కింద జనం ఉన్నారు మరి. తర్వాత పైకి వెళ్ళేసరికి అక్క మొహం మీద దుప్పటి కప్పేశారు. అక్క ఏదో చెప్పబోయినట్టు నోరు కొంచెం తెరుచుకునే ఉంది. మర్నాడే తను డ్యూటీకి వచ్చింది. అందరూ ఉక్కు మనిషి అన్నారు. సూపరింటెండెంటు మీటింగులో చప్పట్లు కొట్టించాడు. తనకి కావలసింది చప్పట్లు కాదు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, నువ్విక్కడేం చేస్తున్నావు, ఇంటికి పో అని కసిరి ఉంటే చాలు. ఎవరూ అనలేదు. ఏడుపు ఆ రోజు లోపలికి వెళ్ళి, బయటికొచ్చే దారి మర్చిపోయింది.

మెట్ల మలుపులో, చీపుర్లు పెట్టే మూల నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"ఏంటమ్మా, ఈ టైములో? ఏమైంది?"

"ఏం కాలేదు. పొద్దున నువ్వు ఏం చెప్పావే?"

"చెప్పాగా. నువ్వు జవాబు కూడా ఇచ్చావు."

"వినలేదే. మళ్ళీ చెప్పు."

"నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతున్నావమ్మా. గోడ అవతలికి నాకు వినబడుతోంది. ఎవరినో తిడుతున్నావు, ఏడుస్తున్నావు కూడా. నాకు భయంగా ఉంది, ఎవరన్నా డాక్టరుకి చూపించుకో అన్నా."

"నేనేమన్నాను?"

"బాగానే ఉంది, రేపు చూద్దాం అన్నావు." పిల్ల నవ్వబోయింది. "నన్ను కూడా డిశ్చార్జి చేసేశావు."

డాక్టరమ్మ గోడకి ఆనుకుంది. గోడ చల్లగా ఉంది.

"ఇంట్లోనే ఉన్నావా?"

"ఉన్నా. నాన్న కూడా ఉన్నాడు. ఎందుకు?"

"వస్తున్నా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఒక్క పని చూసుకుని."

*

సూపరింటెండెంటు గదిలో చల్లటి గాలి, గాజు పలక వేసిన పెద్ద బల్ల. ఆయన ఆమెకి కాలేజీలో ఒక ఏడాది సీనియరు. ఆమె లోపలికి రాగానే మొహం చేటంత చేసుకున్నాడు.

"రామ్మా రా! అంతా విన్నాను. క్యూలోంచి మనిషిని లాక్కొచ్చి బతికించావట! పై ఆఫీసుకి నీ గురించి చెప్పబోతున్నా. కూర్చో, టీ తెప్పిస్తా."

"టీ కోసం రాలేదు సార్. ఆవిణ్ణి క్యూలోకి పంపించిందే నేను. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోకుండా చూశాను. వార్డంతా అలాగే చూశాను. నిన్న కూడా."

ఆయన తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఈ మాట బయట అనకు. ఏం కాలేదుగా చివరికి?"

"వార్డులో అందరికీ నేనే చెప్పేశాను."

"చెప్పేశావా? నీకేమన్నా మతిపోయిందా?"

"అదే చెప్పడానికొచ్చాను సార్. నేను బాగాలేను. నాకు సెలవు కావాలి. మళ్ళీ నా చెవుల మీద నాకు నమ్మకం వచ్చేదాకా వార్డు వద్దు. ముందు నేనే ఎవరికైనా చూపించుకోవాలి."

"ఎవరు బాగున్నారమ్మా ఇక్కడ? నాకు బీపీ, షుగరు. ఇందాక ఆ బంతి శిక్షణ చివరిదాకా కూర్చుని ఉంటే..."

"ఆ బంతి పనికొచ్చింది సార్. నీరు తీస్తున్నప్పుడు ఇస్త్రీ ఆవిడ నొక్కుకుంది. జబ్బు మాత్రం బంతితో పోలేదు, నీరు తీస్తే పోయింది. మా వార్డుకి జబ్బు చేసి ఎన్నాళ్ళైందో మీకు తెలుసు. ఇద్దరు మనుషుల పని ఒక మనిషి మీద వేసి, ఆ మనిషి పడిపోతుంటే నవ్వమంటారేంటి?"

గొంతు పెరిగింది. బయట గుమాస్తాలు టైపు చెయ్యడం ఆపారు. ఈసారి ఆ కోపం ఆమెకి తప్పుగా అనిపించలేదు. ఇన్నాళ్ళూ అది దారి తప్పి సిస్టరు మీదా, కండక్టరు మీదా, మందుల కిటికీ మనిషి మీదా పడింది. ఇవాళ చేరాల్సిన చోటికి చేరింది.

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలి, ఇంతకాలం ఎప్పుడూ గురి తప్పని మాట తీశాడు. "సాయంత్రం రౌండు ఎవరు చేస్తారు? రోగుల్ని గాలికొదిలేసి పోతావా? ఆ పొడుగాయనలా?"

ఎన్నిసార్లు ఈ మాటకి తల దించుకుని వెనక్కి వెళ్ళిందో! జ్వరంతో వెళ్ళింది. అక్క పోయిన మర్నాడు వెళ్ళింది.

"గాలికొదిలేసింది పొద్దున సార్, వార్డులో నిలబడే. ఇప్పుడు వదిలెయ్యట్లేదు, అప్పజెప్పి పోతున్నాను. పొడుగాయనకి చెప్పడం రాలేదు. ఏమైందని ఆయన్ని అడగడం నాకు రాలేదు."

"అప్పజెప్పడానికి ఎవరున్నారు?"

"మీరున్నారుగా. మీరూ డాక్టరే."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది. "నేనా? నేను రోగిని ముట్టుకుని ఏళ్ళైంది."

"కాలేజీలో గుండె చప్పుడు మీరు పట్టినంత బాగా ఎవరూ పట్టరనేవారు. మా క్లాసువాళ్ళం మీ వెనక నిలబడి నేర్చుకున్నాం."

ఆయన గాజు బల్ల మీద తన చేతుల వంక చూసుకున్నాడు.

డాక్టరమ్మ మెళ్ళోంచి స్టెతస్కోపు తీసి ఆ చేతుల ముందు పెట్టింది. తర్వాత, డ్యూటీ మారేటప్పుడు ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి చెప్పినట్టే, గొంతులో ఏ కోపమూ లేకుండా చెప్పింది.

"ఇస్త్రీ ఆవిడ సీసా గంటగంటకీ చూడాలి. తోడికోడలు తిడుతుంది, పడాలి. కండక్టరుకి కుడివైపు కింద చప్పుడుంది, రేపు పొద్దుటికి తగ్గకపోతే మందు మార్చండి. అతను జోకులేస్తాడు, వినండి. అవ్వకి ఉప్పు తగ్గించమని ఎంత చెప్పినా వినదు, కూర్చుని చెప్పాలి. సిస్టరు ఏమన్నా చెప్పబోతే ఆపకండి. ఎడమ చెవిది వదులుగా ఉంది సార్, వేలితో నొక్కి పట్టుకోవాలి."

"ఎప్పుడొస్తావు?" అన్నాడాయన.

"తెలీదు సార్. వస్తే వస్తానని చెబుతాను. రాకపోతే రానని చెబుతాను. టీకి మాత్రం వెళ్ళట్లేదు."

మెడ తేలిగ్గా, ఎవరో చెయ్యి తీసేసినట్టుగా ఉంది. తలుపు తీసి, గుమ్మంలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఇంకా కదల్లేదు. గాజు బల్ల మీద, ఫైళ్ళ మధ్య, తెల్ల ప్లాస్టరు చుట్టిన గొట్టంతో స్టెతస్కోపు మెలి తిరిగి పడి ఉంది, చెవి కొమ్ములు రెండూ ఆయన వైపే తెరుచుకుని.